"వెయ్యిసార్లు రన్ చేశాం సార్": థ్రెడ్ల మీద అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్ట్ వైవాలు మొదలయ్యాయంటే, మల్టీథ్రెడింగ్ (ఒకే ప్రోగ్రామ్‌లో థ్రెడ్లు అనే పనుల వరసలు కొన్ని ఒకేసారి నడవడం) వాడిన ప్రతి బ్యాచ్ నోటా ఒకటే మాట. "వెయ్యిసార్లు రన్ చేశాం సార్, ఒక్కసారీ తేడా రాలేదు." ఉద్యోగంలో చేరాక కూడా చాలామందిని నిండా ముంచేది ఈ నమ్మకమే. ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: టెస్టులో తేడా రాకపోతే ప్రోగ్రామ్ సరైనదే

రథసప్తమికి అరసవల్లిలో అమ్మిన టికెట్లను లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాశారనుకోండి. రెండు కౌంటర్లు, చెరో థ్రెడ్, ఇద్దరికీ ఉమ్మడిగా ఒకే కౌంట్. టికెట్ అమ్మినప్పుడల్లా కౌంట్++, అంటే కౌంట్‌కి ఒకటి కలపడం. రాయడానికి ఒక్క ముక్కే అయినా లోపల మూడు స్టెప్పులున్నాయి: మెమరీ నుంచి చదవడం, ఒకటి కలపడం, తిరిగి రాయడం. చెరో టికెట్ అమ్మితే మొత్తం ఆరు. ఎవరి వరస వాళ్లకి చెడకుండా ఈ ఆరింటినీ 20 రకాలుగా కలపొచ్చు. కౌంట్ 2 వచ్చేది వాటిలో రెండింటిలోనే, అంటే ఒకరి పని పూర్తిగా అయ్యాక రెండోవాళ్లు మొదలుపెట్టినప్పుడే. మిగతా 18 వరసల్లోనూ ఒక టికెట్ గల్లంతు.

మరి వెయ్యిసార్లలో ఒక్కసారీ కనబడదేం? ఇరవైకీ సమానమైన అవకాశం లేదు గనక. పని ఇంత చిన్నదైతే రెండో థ్రెడ్ లేచేలోపే మొదటిది ముగిసిపోతుంది. ల్యాబ్‌లో ఆ రెండు మంచి వరసలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. లోడ్ ఎక్కువున్న సర్వర్ మీదకి వెళ్లాక మిగతావి బయటపడతాయి.

ఇప్పుడు చెరి 100 టికెట్లు అమ్మించండి. చివరికి కౌంట్ ఎంత తక్కువ రావచ్చు? "ఏటి సార్, ఎంత పోయినా వందకి తగ్గదు కదా" అంటారు. 2 రావచ్చు. మొదటి థ్రెడ్ 0 చదివి ఆగింది. రెండోది 99 టికెట్లు అమ్మేసింది. అప్పుడు మొదటిది లేచి 1 రాసింది. రెండోది తన ఆఖరి టికెట్ కోసం ఆ 1 చదివి ఆగింది. మొదటిది తన మిగతా 99 పూర్తిచేసుకుని వెళ్లిపోయింది. రెండోది లేచి 2 రాసింది. ఇది టెస్టులో తగలాలంటే మీ ఆయుష్షు చాలదు. కాగితం మీద నాలుగు ముక్కల్లో తేలిపోయింది. ఫార్మల్ సెమాంటిక్స్ చేసే పనే ఇది. ఒక్కో స్టెప్పుకీ నియమం రాసి, ప్రోగ్రామ్‌కి రాగల ఫలితాలన్నీ ఏవేవో చెబుతుంది.

పైన చెప్పిందంతా సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ (లాంపోర్ట్, 1979) ఉందనుకుంటేనే, అంటే అన్ని థ్రెడ్ల స్టెప్పులూ ఏదో ఒక వరసలో ఒకదాని తర్వాత ఒకటి జరిగినట్టే ఉంటాయనుకుంటేనే. ప్రాసెసర్లు ఆ మాత్రం హామీ కూడా ఇవ్వవు. ఎక్స్, వై రెండూ 0. ఒక థ్రెడ్ ఎక్స్‌లో 1 రాసి వై చదువుతుంది, రెండోది వైలో 1 రాసి ఎక్స్ చదువుతుంది. ఏ వరసలో కలిపినా ఇద్దరికీ 0 రావడానికి లేదు. కానీ మామూలు ఇంటెల్ ల్యాప్‌టాప్‌లోనే వస్తుంది, ఎందుకంటే రాసింది ఇంకా స్టోర్ బఫర్‌లో (మెమరీకి చేరేలోపు ఆగే చోటు) ఉండగానే చదవడం అయిపోతుంది. జావా నియమాల ప్రకారం కూడా అది రాదగ్గ ఫలితమే. ఎక్స్, వై రెండింటినీ వోలటైల్ (రాసింది మిగతా థ్రెడ్లకి కనబడాలని చెప్పే జావా మాట) చేస్తే మాత్రం అది రాదు.

చెక్ చేసే పద్ధతి ఇదీ. ఉమ్మడి ఫీల్డులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాన్ని ఏ థ్రెడ్ చదువుతోందో, ఏది రాస్తోందో పక్కన వేయండి. రెండు థ్రెడ్లు ఒకే ఫీల్డుని తాకి, అందులో ఒకటైనా రాస్తుంటే, వాటి మధ్య హాపెన్స్-బిఫోర్, అంటే ఒకటి ముందు జరిగి దాని ఫలితం రెండోదానికి కనబడుతుందనే హామీ, చూపించాలి. అది వచ్చే ముఖ్యమైన దారులు ఇవి: ఒకే థ్రెడ్‌లోని వరస, లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌కే దొరికే తాళం) వదలడం నుంచి తర్వాత అదే లాక్ పట్టడం, వోలటైల్ రాత నుంచి తర్వాతి చదువు, థ్రెడ్ స్టార్ట్, జాయిన్ (ఇంకో థ్రెడ్ ముగిసేదాకా ఆగడం). దొరక్కపోతే డేటా రేస్. స్లీప్ (థ్రెడ్‌ని కాసేపు ఆపడం) ఈ జాబితాలో లేదు, ఎన్ని సెకన్లు పెట్టినా. ప్రింట్‌ఎల్ఎన్ (తెరమీద రాయించే ఆదేశం) పెడితే బగ్ మాయమైందని సంబరపడొద్దు. అది లోపల లాక్ పడుతుంది గనక తప్పు కనబడకుండా పోయింది.

ఎక్కువమంది జారిపోయేది "అదే లాక్" దగ్గర. కౌంట్ స్టాటిక్ (అన్ని ఆబ్జెక్టులకీ ఒకటే), మెథడ్ మామూలు సింక్రొనైజ్డ్ (నడిచేముందు తన ఆబ్జెక్ట్ లాక్ పట్టేది), ఒక్కో థ్రెడ్‌కీ వేరే ఆబ్జెక్ట్. ఎవరి ఆబ్జెక్ట్ లాక్ వాళ్లు పట్టుకుంటారు, ఎవరూ ఎవరినీ ఆపరు. అందరికీ ఒకే ఫైనల్ లాక్ ఆబ్జెక్ట్ పెట్టండి. ఇంటీజర్ కౌంట్ మీదే లాక్ వేస్తే ఇంకా ఘోరం, ++ చేశాక ఆ పేరు వేరే ఆబ్జెక్ట్‌ని చూపిస్తుంది. రాసేటప్పుడే కాదు, చదివేటప్పుడూ లాక్ కావాలి.

మిగతావి, గబగబా

వోలటైల్ పెడితే చాలు అనేది తప్పు. రాసింది అవతలి థ్రెడ్‌కి కనబడుతుంది గానీ కౌంట్++లో మూడు స్టెప్పులు మూడుగానే ఉంటాయి. మూడింటినీ విడదీయలేని ఒకే స్టెప్పుగా చేసే అటామిక్ ఇంటీజర్ వాడండి.

సింక్రొనైజ్డ్ వారసత్వంగా రాదు. సబ్‌క్లాస్‌లో మెథడ్ ఓవర్‌రైడ్ చేస్తే ఆ మాట మళ్లీ రాయాలి.

జావాలో నేర్చింది సీ++కి అలాగే పనికిరాదు. సీ++11 నుంచి డేటా రేస్ ఉంటే ప్రోగ్రామ్ ఏమైనా చేయొచ్చు. జావా కొన్ని హద్దులైనా పెడుతుంది.

ఫార్మల్ సెమాంటిక్స్ నియమాలు చూసి "ఈ గ్రీకు అక్షరాలు రీసెర్చ్ వాళ్లకి" అనుకుని భయపడేవాళ్లకి ఒక్క మాట. నియమంలో గీత పైనున్నవి నిజమైతే గీత కిందున్న స్టెప్పు వేయొచ్చు, చదవడానికి అంతకంటే ఏం అక్కర్లేదు. 1980ల్లో ఫిలిప్స్‌లో పియర్ అమెరికా అనే పరిశోధకుడు తయారుచేసిన పూల్ భాషకి, అంటే ప్రతి ఆబ్జెక్టూ తన పని తాను చేసుకుంటూ మెసేజ్‌లతోనే మాట్లాడుకునే భాషకి, ఇలాంటి నియమాలు రాశారు. జావా మొదటి మెమరీ మోడల్‌లో (ఏ చదువుకి ఏ రాత కనబడొచ్చో చెప్పే నియమాల్లో), ఒకసారి పెట్టాక మారకూడని ఫైనల్ ఫీల్డు విలువ కూడా మారినట్టు కనబడే అవకాశం ఉండేది. 2004లో జావా 5తో, జేఎస్ఆర్-133 అనే ప్రతిపాదన కింద, దాన్ని తిరగరాశారు. డబుల్ చెక్డ్ లాకింగ్ (లాక్ పట్టేముందు ఒకసారి, పట్టాక ఇంకోసారి చూసే పద్ధతి) వోలటైల్‌తో పనిచేయడం మొదలైంది అప్పటినుంచే. పాత బ్లాగులు చూసి కాపీ కొట్టేముందు ఏ వెర్షన్‌కి రాశారో చూడండి.

టూల్స్ కావాలంటే నాసా వాళ్ల జావా పాత్‌ఫైండర్ చిన్న ప్రోగ్రాముల్లో థ్రెడ్ల వరసలన్నీ వెతుకుతుంది, కానీ స్టోర్ బఫర్ లాంటివి దానికి కనబడవు. వాటికి ఓపెన్‌జేడీకే వాళ్ల జేసీస్ట్రెస్ ఉంది. అదీ టెస్టే, అసలు మెషీన్ మీద లక్షలసార్లు తిప్పి ఏ ఫలితం ఎన్నిసార్లు వచ్చిందో చెబుతుంది. ఎక్స్, వై ప్రోగ్రామ్‌ని దాంట్లో పెట్టి చూడండి, రెండు సున్నాల ఫలితం మీ ల్యాప్‌టాప్‌లోనే కనబడుతుంది.