ఆయాసపడే కోడిపిల్లకు పేల పొడి చల్లొద్దు

రెండు మూడు నెలల కోడిపిల్ల గూటి మూలన ముడుచుకుని కూర్చుంటుంది. మేత ముట్టదు. చేతిలోకి తీసుకుంటే గొంతులో గరగర, ముక్కు చివర చీమిడి. రెక్క ఎత్తి చూస్తే ఈకల సందుల్లోంచి లేతరంగు పేలు పరుగులు తీస్తాయి. కంటికి కనిపించే శత్రువు దొరికింది కాబట్టి తీర్పు వెంటనే వచ్చేస్తుంది: పేలే దీన్ని పీల్చి పిప్పి చేస్తున్నాయని. పొయ్యిలోని బూడిదో, దుకాణంలో కొన్న పురుగుమందు పొడో తెచ్చి మెడ నుంచి తోక దాకా దట్టంగా పట్టిస్తారు. తెల్లారేసరికి పిల్ల పోతే పేలు అంతగా ముదిరిపోయాయని అనుకుంటారు తప్ప, ఆ పొడి మీద ఎవరికీ అనుమానం రాదు.

ముందు పేల సంగతి. కోడికి పట్టే పేలు ఒక రకం కావు. తలకు పట్టేది వేరు, రెక్క ఈకల వెంట సన్నగా సాగి ఉండేది వేరు, ఒంటికి పట్టేది వేరు. అన్నిట్లోకీ ఎక్కువ బాధపెట్టేది ఒంటి పేను. మూడు మిల్లీమీటర్ల పొడవుండే ఈ ఎండుగడ్డి రంగు పురుగు మలద్వారం చుట్టూ, రొమ్ము మీద, రెక్కల కింద తిరుగుతుంది. మనుషుల తలలో పేనులా సూదిమూతితో నెత్తురు పీల్చదు, దవడలతో కొరుకుతుంది. చర్మం మీది పొట్టు, ఈకల పొడి దీని మేత. అప్పుడే మొలుస్తున్న ఈక మొదళ్లను కొరికి అక్కడ ఊరే నెత్తురు కూడా తాగుతుంది. ఈకల మొదట్లో తెల్లగా గుత్తులుగా అంటుకుని కనిపించేవి దీని ఈపులు. అవి పిల్లలై, పెద్దవై, మళ్లీ గుడ్లు పెట్టడానికి మూడు వారాలు చాలు. పుట్టుక, చావు అన్నీ కోడి ఒంటి మీదే. కిందపడితే వారం బతకడం కష్టం. మనుషులకు అంటుకుని కాపురం పెట్టవు, కాబట్టి చేతి మీద ఒకటి పాకిందని కంగారు పడనక్కర్లేదు.

హేచరీ నుంచి వచ్చిన పిల్లలకు మొదట్లో పేలు ఉండవు, యంత్రానికి పేలు పట్టవు కదా. నాటుకోడి పొదిగిన పిల్లలకు మాత్రం తల్లి ఒంటి నుంచి మొదటి రోజే సంక్రమిస్తాయి. ఇరవై ఒక్క రోజులు గుడ్ల మీద కూర్చున్న పెట్టకు మట్టిలో పొర్లే తీరిక ఉండదు, దాని మీద పేలు పెరుగుతాయి. పిల్లలు రెక్కల కింద దూరగానే తల పేలు వాటికి ఎక్కుతాయి. అందుకే పొదుగుడుకు కూర్చోబెట్టే ముందే పెట్టకు పేల మందు వేయాలంటారు. పిల్లలకు చేసే వైద్యంలో సగం అక్కడే అయిపోతుంది.

ఇక పేలకూ రోగానికీ మధ్య ఉన్న లంకె. ఆరోగ్యంగా ఉన్న కోడి రోజూ చాలాసేపు ముక్కుతో ఈకలు దువ్వుకుంటుంది. పైముక్కు కిందిముక్కు మీదికి కొద్దిగా వంగి ఉండటం దీనికి బాగా పనికొస్తుంది. ఆ కొనను కత్తిరించిన ఫారం కోళ్ల మీద పేలు, నల్లులు ఎక్కువగా పెరుగుతాయని అమెరికాలో చేసిన పరిశోధనల్లో తేలింది. ఆ దువ్వుడికి తోడు పొడి మట్టిలో పొర్లాట. కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన ప్రయోగంలో కోళ్లకు పొర్లడానికి పెట్టెలు పెట్టి, వాటిలో తెల్లబంకమట్టి, సూక్ష్మశిలాజాల పొడి (డయాటమేషియస్ ఎర్త్), గంధకం వేరువేరుగా కలిపి చూశారు. పొర్లిన కోళ్ల మీద పురుగులు బాగా తగ్గాయి, గంధకం అన్నిటికంటే బాగా పనిచేసింది. ఈ రెండు పనులకూ కోడికి ఓపిక ఉండాలి. ఊపిరి ఆడని పిల్ల ఈకలు దువ్వుకోదు, పొర్లదు. కొన్నాళ్లలో పేలు పుట్టలుగా కనిపిస్తాయి. అంటే చాలాసార్లు రోగం ముందు, పేలు తర్వాత. పేలు కూడా తిరిగి ఆ పిల్లను నిద్రపోనీయక, నెత్తురు తగ్గించి ఇంకా నీరసపెడతాయి, నిజమే. కానీ గొంతులో గరగర పేల వల్ల రాదు.

ఆ గరగర ఎందుకు అంత ప్రమాదమో తెలియాలంటే కోడి ఊపిరి పద్ధతి చూడాలి. మనకు ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుపొర ఉంది, ఊపిరితిత్తులు పొంగి కుంగుతాయి. కోడికి ఆ అడ్డుపొర లేదు. దాని ఊపిరితిత్తులు వెన్నుకు అతుక్కుని దాదాపు కదలకుండా ఉంటాయి. గాలిని కదిలించేవి ఒళ్లంతా పరుచుకున్న తొమ్మిది గాలిసంచులు. పీల్చిన గాలి మొదట వెనక సంచుల్లోకి పోతుంది. వదిలినప్పుడు ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. మళ్లీ పీల్చినప్పుడు ముందు సంచుల్లోకి, మళ్లీ వదిలినప్పుడు బయటికి. ఒక గుక్క గాలి బయటపడటానికి రెండు ఊపిరులు. ఎగరాల్సిన జాతికి ఇది అద్భుతమైన ఏర్పాటు, గాలి ఎప్పుడూ ఒకే దిక్కుకు నడుస్తుంది. చిక్కేమిటంటే సన్నటి దుమ్ము, బూజు గింజలు, సూక్ష్మజీవులు నేరుగా ఒళ్లు లోపలి దాకా చేరతాయి. గాలిసంచుల పొరలకు నెత్తురు సరఫరా తక్కువ కాబట్టి అక్కడ చేరిన చెత్త తొందరగా శుభ్రపడదు, వేసిన మందూ సరిగ్గా అందదు. ఇప్పటికే చీమిడితో నిండిన ఈ గొట్టాల్లోకి దోసెడు బూడిద చల్లితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మట్టిలో పొర్లే కోడి ఆరుబయట, తనంతట తాను, కళ్లు మూసుకుని పొర్లుతుంది. మనం పట్టుకుని పొడి పట్టించేటప్పుడు అది భయంతో రొప్పుతుంటుంది. రెండింటికీ పోలికే లేదు.

పట్టుకునే తీరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కోడి ఊపిరి తీయాలంటే రొమ్ము ఎముక ముందుకూ కిందికీ కదలాలి. పేలు చూడటానికని రొమ్ము చుట్టూ గట్టిగా బిగించి పట్టుకుంటే ముక్కు తెరిచే ఉన్నా ఊపిరాడదు. వెల్లకిలా ఎక్కువసేపు పెట్టడమూ తప్పే. కాళ్లు వేళ్ల మధ్య, బరువు అరచేతిలో, రొమ్ము వదులుగా ఉండాలి. నోట్లో మందు పోసేటప్పుడూ అంతే. నాలుక మొదట్లో కనిపించే చీలిక గాలిగొట్టం ద్వారం. పిచికారీతో ధారగా పోస్తే మందు అందులోకి పోతుంది. ముక్కు పక్కన చుక్క చుక్కగా వేస్తే అదే చప్పరించి మింగుతుంది.

నోరు తెరిచిన ప్రతి కోడీ రోగిష్టిది కాదు. కోడికి చెమట పట్టదు, మే నెల మధ్యాహ్నం రెక్కలు దూరంగా పెట్టి రొప్పడం దాని చల్లార్చుకునే పద్ధతి. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కూడా నోరు తెరిచి, ప్రతి ఊపిరికీ తోక ఎగరేస్తుంటే అది జబ్బు. రాత్రి గూటి దగ్గర చప్పుడు చేయకుండా నిలబడి వింటే గురక, తుమ్ము, చీదడం స్పష్టంగా వినిపిస్తాయి.

జబ్బు ఏదో తేల్చడం మన పని కాదు గానీ కొన్ని గుర్తులు తెలిస్తే డాక్టరుకు సరిగ్గా చెప్పొచ్చు. మొదటి రెండు మూడు వారాల పిల్లలు చప్పుడు లేకుండా నోరు తెరిచి ఎగపోస్తుంటే కింద పరిచిన ఊకనో వేరుశనగ పొట్టునో అనుమానించాలి. తడిసి బూజు పట్టిన పరుపు నుంచి వచ్చే బూజు జబ్బుకు మందు దాదాపు లేదు, పరుపు మార్చడమే దారి. కళ్ల చుట్టూ మొహం వాచి దుర్వాసన వస్తే కొరైజా. కంటి మూల నురగ, వారాల తరబడి వదలని గురక ఉంటే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి తెచ్చే దీర్ఘకాలిక ఊపిరి జబ్బు, సి.ఆర్.డి. ఇది తల్లి నుంచి గుడ్డు ద్వారా కూడా పిల్లకు వస్తుంది, తగ్గినట్టు కనిపించినా కోడి జీవితాంతం దాన్ని మోస్తూనే ఉంటుంది. నోట్లో పసుపుపచ్చ పొరలు ఉంటే కోళ్ల మశూచి లోపలికి దిగిందన్నమాట. ఆయాసంతో పాటు ఆకుపచ్చ పారుడు, మెడ తిరగడం, ఒకదాని వెంట ఒకటి చావడం కనిపిస్తే కొక్కెర తెగులు. 1927లో కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో బయటపడటంతో మన దేశంలో దానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. దానికి చికిత్స లేదు, ఉన్నది టీకానే: మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, ఎనిమిది వారాలప్పుడు ఆర్2బి సూది. ఒక్కసారిగా చాలా కోళ్లు చస్తే బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరిలో అదే జరిగింది. అలాంటప్పుడు చచ్చినవాటిని కోయకుండా, తాకకుండా పశువైద్యశాలకు చెప్పాలి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది.

వీటిలో ఏదీ కాకపోయినా గూటి గాలి ఒక్కటే చాలు. రెట్ట తడిసి వెలువడే అమ్మోనియా గాలిగొట్టంలోని సన్నటి నూగును దెబ్బతీస్తుంది, చీమిడిని బయటికి నెట్టే పని ఆ నూగుదే. నిలబడి వాసన చూస్తే తెలియదు. గొంతుకు కూర్చుని కోడి తల ఎత్తున ముక్కు పెట్టి చూడండి, కళ్లు మండితే గూడే రోగం.

కాబట్టి వరస ఇది: ముందు పిల్లను మందలోంచి వేరుచేసి, గాలి తగిలే అట్టపెట్టెలో ఒక పక్కన బల్బు వేడి, మరో పక్కన నీళ్లు, మెత్తటి మేత పెట్టాలి. దుమ్ము లేని పరుపుగా పాత కాగితం మీద గుడ్డ చాలు. ఆ రోజుల్లో పేలకు చేయదగ్గది తక్కువే. ఈపుల గుత్తులున్న ఈకలను కత్తెరతో మొదట్లో కత్తిరించి కాల్చేస్తే వేలకొద్దీ గుడ్లు పోతాయి. నీళ్లలో ముంచొద్దు, తడిసిన పిల్ల చలికే పోతుంది. వేపనూనె ఒళ్లంతా పూసినా ఈకలు అతుక్కుని వేడి నిలవదు. కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది, దాని ఆవిరి ఊపిరికి శత్రువు. పొగాకు కషాయంలోని నికోటిన్ కోడికీ విషమే. గమాక్సిన్ పొడి ఎప్పుడో నిషేధంలోకి పోయింది, సెవిన్ పేరుతో అమ్మిన కార్బరిల్‌ను 2018లో నిషేధించారు. అటక మీది పాత డబ్బాలు మాత్రం ఇంకా దిగుతూనే ఉన్నాయి.

ఊపిరి కుదుటపడి మేత తినడం మొదలుపెట్టాక డెల్టామెత్రిన్ వంటి ద్రవమందును డాక్టరు చెప్పిన పాళ్లలో నీళ్లలో కలిపి, ఎండ ఉన్న పూట, తల వదిలేసి, మలద్వారం చుట్టూ రెక్కల కింద గుడ్డతో అద్దాలి. మందు పేలను చంపుతుంది, ఈపులను చంపదు. అందుకే ఏడు నుంచి పది రోజులకు రెండోసారి తప్పనిసరి. మందలో మిగతా కోళ్లకూ అదే రోజు వేయాలి. పగలు ఒంటి మీద ఏమీ కనిపించక, తల మీది ఎర్రటి జుట్టు పాలిపోతుంటే రాత్రి టార్చితో గంప అల్లికలు, కొయ్య సందులు చూడండి. ఎర్రనల్లి, కోడి గోమారి పగలు అక్కడ దాక్కుని రాత్రి వచ్చి నెత్తురు తాగుతాయి. అప్పుడు మందు వేయాల్సింది గూటికి.

యాంటీబయాటిక్ బిళ్ల చిదిమి పోయడం ఊళ్లలో మామూలైపోయింది. వైరస్ జబ్బుకు అది దండగ. సి.ఆర్.డి.కి కూడా అమాక్సిసిలిన్ పనిచేయదు: ఆ మందు సూక్ష్మజీవి గోడను కూల్చి చంపుతుంది, మైకోప్లాస్మాకు గోడే లేదు. ఏ మందు వేసినా, పేలదైనా ఊపిరిదైనా, గుడ్లూ మాంసమూ ఎన్నాళ్లు తినకూడదో అడిగి రాసుకోవాలి. కుక్కల గోమార్లకు అమ్మే ఫిప్రోనిల్‌ను కోళ్ల మీద పిచికారీ చేసేవాళ్లున్నారు. 2017లో నెదర్లాండ్స్, బెల్జియం ఫారాల్లో నల్లులకు వాడిన శుభ్రపరిచే ద్రావణంలో అదే కలిసి ఉందని తేలి, లక్షల గుడ్లను ఐరోపా అంగళ్ల నుంచి వెనక్కి తీసుకున్నారు.