పిల్లి బుగ్గతో నాటే హద్దురాళ్లు

రాజోలు దగ్గరి ఒక లంకగ్రామం నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. ధాన్యం బస్తాల దగ్గరికి ఎలుకలు చేరకుండా నాలుగేళ్లుగా కాపలా కాస్తున్న పిల్లి, అబ్బాయి ఎనిమిది నెలల ఊరకుక్కను తెచ్చిన రోజు నుంచి అటక దిగడం లేదట. కుక్కకూ పిల్లికీ పుట్టువైరం కదా, ఇక ఈ రెండింటికీ పొసగదా అని ఆమె సందేహం. పుట్టువైరమన్న మాటను నేను ఒప్పుకోను. ఒకే ఇంట్లో పెరుగుతున్న కుక్కలనూ పిల్లులనూ గమనించి టెల్ అవీవ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లి ముందుగా ఉన్న ఇంటికి కుక్క తర్వాత వచ్చినప్పుడు పొత్తు బాగా కుదురుతుందని తేలింది. ఆ లెక్కన వీరింట్లో వరుస సరిగానే ఉంది. చెడినది వాసనల దగ్గర.

పిల్లి గుమ్మానికీ, మంచం కోటికీ, మన పిక్కలకూ బుగ్గ రాస్తూ తిరగడాన్ని మనం గారాబమనుకుంటాం. ఆ బుగ్గల్లోని గ్రంథులు స్రవించే పదార్థాన్ని ఫ్రాన్సుకు చెందిన పశువైద్యుడు పాట్రిక్ పజా 1990లలో పరిశీలించి, ఎఫ్1 నుంచి ఎఫ్5 వరకు ఐదు భాగాలుగా గుర్తించాడు. ఒలీక్, అజెలాయిక్, పిమెలిక్, పామిటిక్ ఆమ్లాలున్న ఎఫ్3ని పిల్లి వస్తువులకు పూస్తుంది. ఎఫ్4ను తనకు నమ్మకం కుదిరిన జీవులకు పూస్తుంది. శకునం బాగాలేదని పిల్లిని చూసి వెనక్కి తిరిగే మనకు, అది దారిపక్క స్తంభానికి బుగ్గ ఎందుకు రాసిందో చూసే తీరిక ఉండదు.

గోదావరికి వరద వచ్చి తీసినప్పుడు లంకపొలాల్లో ఏమవుతుందో ఆ పాఠకురాలికి నేను చెప్పనక్కరలేదు. నేల అక్కడే ఉంటుంది, కాని గట్లు కొట్టుకుపోయి, హద్దురాళ్ల మీద ఒండ్రు మేట వేసి, తన చేలో నిలబడిన రైతుకే అది పరాయి చేనులా తోస్తుంది. బుగ్గ రాసిన ప్రతిచోటూ పిల్లికి ఒక హద్దురాయి. కుక్క ఇల్లంతా తిరిగి ఒళ్లు రుద్దుకోవడం, మూత్రం పోయడం దానికి వరద. ఆ మూత్రాన్ని కడగాలని మనం ఇల్లంతా ఫినాయిలు పోస్తే అది రెండో వరద. మిగిలిన రాళ్లు కూడా పోతాయి. పైగా ఫినాయిళ్లలో ఉండే ఫినాలు జాతి రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ కనుక, అవి దానికి విషం కూడా.

ఈ రాళ్ల మీది రాతను చదవడానికి పిల్లికి మామూలు ముక్కుతో పాటు మరొక అవయవం తోడ్పడుతుంది. బడిలో పంచేంద్రియాల పాఠం చెప్పేటప్పుడు మనం దీన్ని పూర్తిగా వదిలేస్తాం. పెంపుడు జంతువుల ముక్కులోని ఈ అవయవాన్ని డెన్మార్క్ వైద్యుడు జాకబ్సన్ 1813లో వర్ణించాడు. పై ముందుపళ్ల వెనుక, అంగిట్లో తెరుచుకునే రెండు సన్నని నాళాలు దానిలోకి దారితీస్తాయి. గాలిలో అంతగా తేలని బరువైన అణువులను నాలుకతో అందుకుని, నోరు కాస్త తెరిచి, పిల్లి ఆ నాళాల్లోకి పంపుతుంది. అక్కడి సంకేతాలు మెదడులో భయాన్నీ ఉద్రేకాన్నీ నడిపే అమిగ్డలా, హైపోథాలమస్‌లకు చేరతాయి. ఈ అణువులు ఎగరవు కాబట్టి, కుక్క వాసనను పిల్లికి అలవాటు చేయడానికి తలుపు సందులోంచి వచ్చే గాలి మాత్రమే చాలదు, ఆ వాసన అంటిన గుడ్డ కావాలి.

కనుక కుక్కను కొన్నాళ్లు వేరే గదిలో ఉంచి, పిల్లి బుగ్గలకు రుద్దిన మెత్తని గుడ్డను కుక్క పడక దగ్గరా, కుక్క ఒళ్లు తుడిచిన గుడ్డను పిల్లి చేపముక్కలు తినే పళ్లెం పక్కనా పెట్టాలి. గుడ్డ దగ్గర పిల్లి నిబ్బరంగా తినగలిగాక మూసిన తలుపుకు చెరోవైపు అన్నం పెట్టాలి. ముఖాముఖి ఆ తర్వాతే. అప్పుడు కుక్క మెడకు తాడుండాలి, పిల్లికి అటక మీదికి దారి తెరిచి ఉండాలి. పరుగెత్తేదాన్ని తరమడం కుక్కకు దానంతటదే బహుమతి కనుక, ఒక్కసారి తరిమితే మళ్లీ తరమాలనిపిస్తుంది. కుక్క పిల్లి వైపు చూసి చూపు మరల్చుకున్న ప్రతిసారీ దానికి తినడానికేదైనా ఇవ్వాలి. దీనికి వారాలు పట్టవచ్చు.

పిల్లి పూర్తిగా తిండి మానేసి ఉంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ఈరోజే పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. కొద్దిరోజుల పస్తుతోనే దాని కాలేయంలో కొవ్వు పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. తింటూ ఉంటే తొందర లేదు. ఏదో ఒక మధ్యాహ్నం అది అటక దిగివచ్చి, కుక్క పడుకునే గోనెసంచి అంచుకు బుగ్గ రాస్తే, ఆ సంచిని ఉతకవద్దు.