గవర్నర్ సంతకం ఎవరి మాట మీద?

చిరంజీవులకు,

విశాఖ నుంచి అమ్మమ్మ ఆశీస్సులు.

"ఆయనకి మనం ఓటెయ్యలేదు కదా అమ్మమ్మా, మరి అసెంబ్లీ పాస్ చేసిన బిల్లు ఆయన సంతకం కోసం ఎందుకు ఆగాలి?" అని మొన్న ఫోన్లో అడిగారు. మంచి ప్రశ్న. రెండు ముక్కల్లో చెబితే సగమే అర్థమవుతుందని తీరిగ్గా రాస్తున్నాను.

గవర్నర్‌ని నియమించేది రాష్ట్రపతి. అంటే నిజానికి ఢిల్లీలో అధికారంలో ఉన్న ప్రభుత్వం ఎంపిక చేసిన మనిషే వస్తారు. అయిదేళ్లు పదవి అని రాసి ఉన్నా, రాష్ట్రపతి ఇష్టం ఉన్నంత కాలమే ఉంటారు. కానీ ఆయన నడుచుకోవాల్సింది రాష్ట్ర మంత్రివర్గం సలహా మీద. రెండుచోట్లా ఒకే పార్టీ ఉంటే గవర్నర్ పేరు కూడా చాలామందికి తెలియదు. వేరువేరు పార్టీలున్నప్పుడు మాత్రం రోజూ పేపర్లో మొదటి పేజీలో కనిపిస్తారు. గవర్నర్‌ని కూడా ప్రజలే ఎన్నుకోవాలన్న ఆలోచన రాజ్యాంగ సభలో మొదట ఉండేది. ముఖ్యమంత్రి, గవర్నర్ ఇద్దరూ ఓట్లతో గెలిచొస్తే ఒకరితో ఒకరు తగువు పడతారన్న భయంతో 1949లో దాన్ని వదిలేశారు. తగువు మాత్రం తప్పలేదు.

నా వయసువాళ్లకి గవర్నర్ అనగానే గుర్తొచ్చేది 1984 ఆగస్టు 16. అప్పటి గవర్నర్ రామ్‌లాల్. ముఖ్యమంత్రి ఎన్టీ రామారావుగారు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చారు. ఆయన మంత్రివర్గంలోనే ఉన్న నాదెండ్ల భాస్కరరావుగారు, ఎక్కువమంది ఎమ్మెల్యేలు నా వెంటే ఉన్నారన్నారు. రెండు రోజుల్లో అసెంబ్లీ పెట్టండి, నా బలం చూపిస్తాను అన్నారు రామారావుగారు. ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాజ్‌భవన్‌కే వెళ్లారు. గవర్నర్ వినలేదు. ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి భాస్కరరావుగారి చేత ప్రమాణం చేయించారు. బలం నిరూపించుకోమని నెల రోజుల గడువూ ఇచ్చారు.

ఇక్కడ కాసేపు ఆగండి. రెండు రోజులు చాలన్న మనిషికి ఆ రెండు రోజులు దొరకలేదు. రెండో మనిషికి నెల దొరికింది. నిజంగా ఎమ్మెల్యేలు వెంట ఉన్నవాళ్లకి నెల రోజులు దేనికి? అవతలి ఎమ్మెల్యేలను ఇటు లాక్కోవడానికి తప్ప ఆ గడువుకి ఇంకో పని నాకు కనిపించదు. అందుకే రామారావుగారి ఎమ్మెల్యేలు కర్ణాటకలో తలదాచుకోవాల్సి వచ్చింది.

రాష్ట్రమంతా ఉడికిపోయింది. బంద్‌లు, ఊరేగింపులు, లాఠీలు, కొన్నిచోట్ల కాల్పులు, ప్రాణాలు పోవడం కూడా. మా వీధిలో రేడియో ఉన్న ఇంటి అరుగు మీద వార్తల వేళకి ఖాళీ ఉండేది కాదు. రామారావుగారు చక్రాల కుర్చీలోనే ఢిల్లీ వెళ్లి, రాష్ట్రపతి జైల్ సింగ్‌గారి ముందు 160 మందికి పైగా ఎమ్మెల్యేలను నిలబెట్టారు. మొత్తం సభ 294 మంది, లెక్క మీరే వేసుకోండి. ఆగస్టు దాటకముందే రామ్‌లాల్ వెళ్లిపోయారు, శంకర్ దయాళ్ శర్మగారు గవర్నర్‌గా వచ్చారు. సెప్టెంబర్ 16న రామారావుగారు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

ఎవరికి ఎంత బలముందో రాజ్‌భవన్ గదుల్లో తేల్చడమే ఆనాటి అసలు తప్పు. అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1954లో, కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడి దిగిపోయింది. బీచ్ రోడ్డులో మీరు ఆడుకునే తెన్నేటి పార్కు ఎవరి పేరు మీద ఉందో, ఆ తెన్నేటి విశ్వనాథంగారు ఆ ప్రభుత్వంలో మంత్రి. ఒక్క ఓటే అయినా తేల్చింది సభ.

ఈ మాటని సుప్రీంకోర్టు ఖాయం చేసింది 1994లో, బొమ్మై కేసులో. కర్ణాటకలో బొమ్మైగారి ప్రభుత్వాన్ని 1989లో తీసేయమని సిఫార్సు చేసిన గవర్నర్ మన తెలుగువారే, పెండేకంటి వెంకటసుబ్బయ్యగారు. మెజారిటీ ఉందో లేదో తేలాల్సింది సభలోనే అని తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. 2019 నవంబర్‌లో మహారాష్ట్రలో తెల్లవారుతూనే రాష్ట్రపతి పాలన ఎత్తేసి ముఖ్యమంత్రి చేత ప్రమాణం చేయించినప్పుడు కూడా ఇదే సూత్రం పనికొచ్చింది. మర్నాడే సభలో బలపరీక్ష పెట్టమని కోర్టు అంది. ఆ మాట అన్న రోజే ఆ ముఖ్యమంత్రి రాజీనామా చేశారు.

ఇక మీరు అడిగిన బిల్లుల సంగతి. రాజ్యాంగం 200వ అధికరణ ప్రకారం గవర్నర్ సంతకం పెట్టొచ్చు, వెనక్కి పంపొచ్చు, రాష్ట్రపతికి పంపొచ్చు. వెనక్కి పంపిన బిల్లుని సభ మళ్లీ పాస్ చేస్తే సంతకం నిరాకరించకూడదు. అయితే ఎన్నాళ్లలో తేల్చాలో అందులో తేదీ లేదు. అందుకని ఏ పనీ చేయకుండా ఫైలు పక్కన పెట్టేయడం మొదలైంది. తమిళనాడులో అలా ఆగిన బిల్లులు పదింటి మీద 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జడ్జీలు ఇద్దరు గడువులు పెట్టారు. అదే ఏడాది నవంబర్‌లో అయిదుగురు జడ్జీలు, కోర్టు గడువులు పెట్టకూడదన్నారు. అలాగని బిల్లుని కారణం లేకుండా ఏళ్ల తరబడి ఆపుకుని కూర్చుంటే ఏదో ఒకటి తేల్చమని కోర్టు చెప్పొచ్చు అని కూడా అన్నారు. నా మట్టుకు నాకు ఇది చాలదు. పార్లమెంటే రాజ్యాంగాన్ని సవరించి ఒక గడువు రాస్తే బాగుంటుంది.

ఇప్పుడు మన ఊరి మాట. విశాఖని పరిపాలనా రాజధాని చేసే బిల్లు 2020లో గవర్నర్ బిశ్వభూషణ్ హరిచందన్‌గారి ముందుకి వచ్చింది. సంతకం పెట్టొద్దని ప్రతిపక్షాలు ఆయనకి ఉత్తరాలు రాశాయి. వాటిలో 1984లో గవర్నర్ చేతిలో దెబ్బ తిన్న పార్టీ కూడా ఉంది. జులై 31న ఆయన సంతకం పెట్టారు. మన అపార్ట్‌మెంట్‌లో కొందరు మిఠాయిలు పంచారు, అమరావతికి భూములిచ్చిన రైతుల ఇళ్లల్లో ఏడుపు. ఆ బిల్లు మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన. గవర్నర్ మటుకు ఎన్నికైన మంత్రివర్గం మాట మీదే సంతకం పెట్టారు. నచ్చని చట్టాన్ని గవర్నర్ చేత ఆపించాలని చూస్తే, రేపు మనకి నచ్చిన చట్టాన్నీ ఆయనే ఆపుతారు. ఆ చట్టం చెల్లుతుందో లేదో తేల్చాల్సింది కోర్టు, అమరావతి రైతులు వెళ్లిందీ అక్కడికే. విచారణ నడుస్తుండగానే 2021 నవంబర్‌లో ప్రభుత్వమే దాన్ని రద్దు చేసుకుంది. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు అమరావతి వైపే వచ్చింది.

ఆంధ్రా యూనివర్సిటీ స్నాతకోత్సవానికి గవర్నర్ ఎందుకొస్తారని కూడా అడిగారు. ఆయన దానికి ఛాన్సలర్. ఆ పదవి ఆయనకి రాజ్యాంగం ఇచ్చింది కాదు, రాష్ట్ర చట్టం ఇచ్చింది. అందుకే కేరళ అసెంబ్లీ ఆయన్ని ఛాన్సలర్‌గా తీసేస్తూ బిల్లు పాస్ చేయగలిగింది. ఆ బిల్లు కూడా సంతకం కోసం వెళ్లాల్సింది గవర్నర్ దగ్గరికే.

మీ
అమ్మమ్మ