సెంట్లు సరిపోయాయి, గట్టు మాత్రం జరిగింది

గుత్తి వైపు నుంచి ఒక రైతు అడిగిన ప్రశ్న: "ఫోన్లో యాప్ పెట్టుకుని చేను చుట్టూ తిరిగితే విస్తీర్ణం పాస్‌బుక్కుకు దగ్గరగానే వచ్చింది. గీత మాత్రం పక్కోళ్ల చేన్లోకి పోయింది. సర్వేయరు రోవర్ (కర్ర మీద పెట్టే జీపీఎస్ పరికరం) పెడితే అట్ల పోలేదు. రెండూ జీపీఎస్సే కదా, ఎందుకిట్ల?"

"మూడు ఉపగ్రహాల దూరం తెలిస్తే మన చోటు తెలుస్తుంది" అని బడిలో చెప్పే పాఠం దీనికి చాలదు. ఆ దూరాన్ని దేనితో కొలిచామన్నదే అసలు సంగతి. (నాలుగో ఉపగ్రహం ఎందుకో కూడా ఆ పాఠంలో చాలాసార్లు ఎగిరిపోతుంది. ఫోన్ గడియారం నాసిరకం. సెకనులో పది లక్షలో వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఆ తప్పును పట్టిచ్చేది నాలుగో కొలతే.)

ఫోన్ కొలిచేది కోడ్‌తో, అంటే ఉపగ్రహం పంపే అంకెల వరుస ఎంత ఆలస్యంగా చేరిందో చూసి. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహం 1023 ముక్కలున్న ఒక కోడ్‌ను సెకనుకు వెయ్యిసార్లు పంపుతుంది. ఒక్కో ముక్క పొడవు 293 మీటర్లు. అందులో నూరో వంతు వరకు సరిపోల్చినా 3 మీటర్ల తేడా ఉండనే ఉంటుంది. దీనికి ఐనోస్ఫియర్ (పై వాతావరణంలో ఎలక్ట్రాన్లుండే పొర) తోడవుతుంది. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొసన పోతుంది కాబట్టి సీమ ఆకాశంలో మధ్యాహ్నం ఎలక్ట్రాన్లు దట్టంగా ఉంటాయి. సూర్యుడు జోరుగా ఉన్న ఏళ్లలో సంకేతం అక్కడ ఆలస్యమై, దూరం పది మీటర్లకు పైగా ఎక్కువ కనిపించవచ్చు. ఉపగ్రహం పంపే దిద్దుబాటు అందులో దాదాపు సగమే తీసేస్తుంది. అన్నీ కలిసి బయలు నేల మీద ఫోన్ తప్పు సుమారు 5 మీటర్లు.

ఈ తప్పులో పెద్ద భాగం నిదానంగా మారుతుంది. పది నిమిషాల్లో చేను చుట్టేస్తే నాలుగు మూలలూ ఒకే వైపు, దాదాపు ఒకే కొలతలో జరుగుతాయి. అందుకే ఆకారం చెడదు, సెంట్లు దగ్గరగా వస్తాయి, చేను మొత్తంగా పక్కకు పోతుంది. యాప్‌లో కింద కనిపించే ఉపగ్రహ చిత్రం కూడా కొన్ని మీటర్లు జరిగి ఉండవచ్చు, అది ఇంకో తప్పు. ఒకేచోట అరగంట నిలబడి సగటు తీసినా పెద్దగా లాభం లేదు, ఆ అరగంటా తప్పు ఒకే వైపు ఉంటుంది కాబట్టి.

సెంట్లలో చూద్దాం. చదరంగా ఉన్న ఎకరా ఒక పక్క 63.6 మీటర్లు. ఆ పక్క గట్టు ఒక మీటరు జరిగితే ఒకటిన్నర సెంటు పోతుంది. 5 మీటర్లు జరిగితే దాదాపు 8 సెంట్లు. 3 సెంటీమీటర్లు జరిగితే సుమారు 20 చదరపు అడుగులు.

  

ఇక రోవర్. ఇది కోడ్‌తో ఆగదు, దాన్ని మోసుకొచ్చే తరంగాన్నే కొలుస్తుంది. దీన్ని గొలుసు సర్వేతో పోల్చి చూడండి. (1811లో బ్రిటిష్ సర్వే అధికారి లాంబ్టన్ గుత్తి దగ్గర ఆధార రేఖ కొలిచింది కూడా ఉక్కు గొలుసుతోనే.) గొలుసు పూర్తయిన ప్రతిచోటా ఇనుప పుల్ల గుచ్చుతారు. చివర్లో పుల్లలు లెక్కబెట్టి, మిగిలిన లింకులు కలుపుతారు. ఆ పుల్లలన్నీ పోయాయనుకోండి. ఆఖరి గొలుసులో ఎన్ని లింకులో కచ్చితంగా తెలుసు, మొత్తం ఎన్ని గొలుసులో తెలియదు. రోవర్ అవస్థ ఇదే. దాని గొలుసు, అంటే ఒక తరంగం పొడవు, 19 సెంటీమీటర్లు. ఉపగ్రహం నెత్తిమీద ఉన్నా మధ్యలో 10 కోట్లకు పైగా గొలుసులు పడతాయి. ఆఖరి గొలుసును మాత్రం 2 మిల్లీమీటర్ల వరకు చదవగలదు.

పోయిన లెక్కను ఇలా రాబడుతుంది. చోటు ముందే తెలిసిన బేస్ స్టేషన్ అవే ఉపగ్రహాలను అదే క్షణంలో వింటూ, తన కొలతలను మొబైల్ నెట్ ద్వారా పంపుతుంది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఉపగ్రహ గడియారపు తప్పు, ఐనోస్ఫియర్ ఆలస్యం చాలావరకు కొట్టేసుకుపోతాయి. కోడ్ కొలత ఆ లెక్కను కొన్ని గొలుసుల అటూ ఇటూగా కుదిస్తుంది. తర్వాత రెండో గొలుసు వస్తుంది, ఉపగ్రహం పంపే ఇంకో తరంగానిది, 24.4 సెంటీమీటర్లది. రెంటినీ కలిపి చదివితే 86 సెంటీమీటర్ల గొలుసుతో కొలిచినట్టవుతుంది, అంత పొడవు గొలుసుకు లెక్క తప్పే అవకాశం తక్కువ. పైగా ఒక్కో ఉపగ్రహానికి ఒక్కో లెక్క. తప్పు లెక్కలు ఒకే బిందువు దగ్గర కలవవు, కలిసినట్టున్నా ఉపగ్రహాలు కదిలేకొద్దీ విడిపోతాయి. అన్నీ పూర్ణ సంఖ్యలుగా కుదిరితే తెర మీద "ఫిక్స్" అని పడుతుంది. ఇంకా కుదరకపోతే "ఫ్లోట్". అప్పుడు తప్పు అర మీటరు దాకా ఉండొచ్చు, కాబట్టి ఫ్లోట్ మీద రాయి పాతకూడదు.

చింతచెట్టు కిందికి పోతే సంకేతం తెగుతుంది, లెక్క మళ్లీ మొదటి నుంచి. రేకుల షెడ్డు పక్కన తిరుగుదెబ్బ సంకేతాలు చేరి, ఒక్కోసారి తప్పు లెక్కకే ఫిక్స్ పడుతుంది. దాన్ని పట్టుకోవాలంటే రోవర్ లాక్ (ఉపగ్రహాల మీది పట్టు) తెంపి, పది పదిహేను నిమిషాలాగి, అదే రాయిని మళ్లీ కొలవాలి. రెండు కొలతల తేడా 2–3 సెంటీమీటర్లు దాటితే నమ్మొద్దు. కర్ర మీది బుడగ కూడా చూడాలి. 2 మీటర్ల కర్ర 2 డిగ్రీలు వాలితే 7 సెంటీమీటర్లు పోతాయి. బేస్ దూరమయ్యేకొద్దీ ప్రతి కిలోమీటరుకు ఇంకో మిల్లీమీటరు చేరుతుంది. మార్చి–ఏప్రిల్, సెప్టెంబరు–అక్టోబరు నెలల్లో పొద్దుగూకాక మన ఆకాశంలో ఎలక్ట్రాన్ల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు లేచి సంకేతాన్ని చిందరవందర చేస్తాయి. పొద్దున పూట కొలత మేలు.

అన్నిటికంటే చెడ్డ తప్పు తెర మీద కనిపించదు. బేస్‌కు తప్పు కోఆర్డినేట్లు ఇస్తే ఊరు ఊరంతా అదే తేడాతో జరుగుతుంది, ఫిక్స్ మాత్రం చక్కగా ఉంటుంది. అందుకే 2020 డిసెంబరులో మొదలైన ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వే అయినా, మరే కొలతయినా, ఎఫ్‌ఎంబీలో (పొలాల కొలతల పుస్తకంలో) ఉన్న పాత రాళ్లను రెండు మూడింటిని ముందు కొలిచి చూపించమని అడగండి. రాయి ఎక్కడుందో రోవర్ చెబుతుంది. ఎక్కడ ఉండాలో ఎఫ్‌ఎంబీ చెప్పాలి.

ఎత్తు సంగతి వేరు. జీపీఎస్ ఎత్తును సముద్ర మట్టం నుంచి కాక, భూమికి లెక్కగా గీసుకున్న గుండ్రటి ఆకారం నుంచి కొలుస్తుంది. మన వైపు సముద్ర మట్టం ఆ ఆకారానికి 80–90 మీటర్ల కింద ఉంటుంది. 335 మీటర్ల ఎత్తున్న అనంతపురంలో కొన్ని యాప్‌లు 250 చూపించేది అందుకే. ఒకే ఊళ్లో రెండు చోట్ల తేడా చూసేటప్పుడు ఇది అడ్డురాదు, రెంటిలోనూ దాదాపు అంతే ఉంటుంది కాబట్టి. కానీ ఫోన్‌లో ఎత్తు తప్పు పక్కల తప్పుకంటే ఎక్కువ. చేన్లో పైపులైను వాలు చూడాలంటే రోవర్ అయినా ఉండాలి, లేదా సన్నటి పైపులో నీళ్లు నింపి రెండు కొసల మట్టం చూసుకోవాలి.