మోకాలికి వేసిన మాత్ర మోకాలికే పోదు

మా పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే తప్ప కాళ్లు సాగవు. వీధి చివరి మెడికల్ షాపులో "నొప్పులకి ఒక సెట్ ఇవ్వు బాబూ" అంటే చిన్న కాగితం కవర్లో మూడు మాత్రలు వేసి ఇచ్చేవారు. ఒకటి నొప్పికి, ఒకటి గ్యాస్‌కి, ఒకటి బలానికి. అలా మూడేళ్లు గడిచాయి. ఒక మే నెలలో వాంతులు, నీరసం, మొహం ఉబ్బరంతో ఆసుపత్రికి తీసుకెళితే రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం, 2.8 వచ్చింది. కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పారు. "మోకాలికి వేసుకున్న మాత్ర కిడ్నీల దాకా ఎందుకెళ్లిందిరా?" అని అడిగింది పెద్దమ్మ.

చాలా మంచి ప్రశ్న అది. మింగిన మాత్ర కరిగి రక్తంలో కలుస్తుంది. రక్తం మోకాలికీ పోతుంది, కడుపుకీ పోతుంది. గుండె నిమిషానికి తోసే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే పోతుంది. నొప్పి ఎక్కడుందో మందుకి తెలియదు. దానికి తెలిసింది ఒకే పని. వెళ్లిన ప్రతి చోటా అదే చేస్తుంది.

డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలన్నీ చేసే ఆ పనేమిటో 1971లో లండన్‌లో జాన్ వేన్ కనిపెట్టాడు. ఒంట్లో ఎక్కడికక్కడ తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను ఇవి తయారు కానివ్వవు. ఈ పరిశోధనకే 1982లో ఆయనకి, మరో ఇద్దరితో కలిపి, నోబెల్ బహుమతి వచ్చింది. వాచిన కీలులో నొప్పిని, వాపుని పెంచేవి ప్రోస్టాగ్లాండిన్లే. అవి తగ్గితే హాయిగా ఉంటుంది. కానీ కడుపు లోపలి గోడ మీద జిగురు పొరను నిలబెట్టేవి కూడా అవే. ఆ పొర పలచబడితే కడుపులో ఆమ్లం సొంత గోడనే తినేస్తుంది.

మన ఇళ్లలో దీన్ని "ఇంగ్లీషు మందు వేడి చేసింది" అని, గ్లాసుడు మజ్జిగ తాగి ఊరుకుంటాం. అది వేడి కాదు, పుండు పడే మొదటి దశ కావచ్చు. మందు రక్తం ద్వారా కూడా కడుపు గోడకి చేరుతుంది కాబట్టి, ఇంజెక్షన్‌గా తీసుకున్నా ఈ ప్రమాదం పూర్తిగా పోదు. తిన్నాక వేసుకోవడం మంచి అలవాటే, కానీ అదొక్కటే రక్ష కాదు. విరేచనం తారులా నల్లగా అయితే లోపల రక్తం కారుతోందని అనుమానించాలి. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

సెట్‌లో ఉండే 'గ్యాస్ మాత్ర', అంటే పాంటోప్రజోల్ లాంటిది, ఇందుకే ఇస్తారు. పేరు అలా పడింది కానీ అది తగ్గించేది గ్యాస్‌ని కాదు, ఆమ్లాన్ని. కడుపుని చాలావరకు కాపాడుతుంది. కిడ్నీని కాపాడలేదు.

ఇక కిడ్నీ సంగతి. కిడ్నీలో ప్రతి చిన్న వడపోత ఉండకి ఒక నాళం రక్తం తెస్తుంది, ఇంకోటి తీసుకుపోతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కూడా వడపోత ఆగకుండా, తెచ్చే నాళాన్ని వెడల్పుగా పట్టి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి మాత్ర పడగానే ఆ నాళం ముడుచుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న యువకుడు రెండు రోజులు వాడితే సాధారణంగా తట్టుకుంటాడు. మా పెద్దమ్మ పరిస్థితి వేరు. ఆవిడ బీపీకి టెల్మిసార్టన్, నీటి మాత్ర కలిపిన బిళ్ల వేసుకుంటుంది. టెల్మిసార్టన్ తీసుకుపోయే నాళాన్ని వదులు చేస్తుంది. నీటి మాత్ర ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. రెండూ బీపీకి మంచి మందులే, సొంతంగా మానకూడదు. వాటికి నొప్పి మాత్ర తోడైతే వచ్చేది తగ్గింది, పోయేది పెరిగింది, మొత్తం నీరే తక్కువైంది. మధ్యలో వడపోతకి ఒత్తిడి ఎక్కడిది? దానికి తోడు మే నెల ఎండ, చెమట. బీపీ బిళ్ల రాసిన డాక్టరు గారికి సెట్ సంగతి తెలియదు. సెట్ ఇచ్చినవాళ్లు బీపీ సంగతి అడగలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

డైక్లోఫెనాక్ కిడ్నీల మీద ఎంత పని చేయగలదో మన దేశంలో రాబందులు చూపించాయి. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు చెడి, అవి లక్షల్లో చచ్చిపోయాయి. 2006లో పశువులకి ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది.

వెళ్లిన ప్రతి చోటా పని చేసే ఈ గుణమే, ఇదే కుటుంబానికి చెందిన ఆస్పిరిన్ విషయంలో మేలు చేసిన సందర్భమూ ఉంది. అమెరికాలో కాలిఫోర్నియాకి చెందిన లారెన్స్ క్రేవెన్ అనే డాక్టరు, టాన్సిల్స్ తీయించుకున్న కొందరిలో రక్తం ఆగకపోవడం గమనించాడు. వాళ్లు నొప్పికి ఆస్పిరిన్ ఉన్న చూయింగ్ గమ్ నములుతున్నారు. రక్తం గడ్డకట్టనివ్వని మందు గుండెపోటును ఆపగలదేమో అని ఆయన 1950 నాటికే రాశాడు. ఈ రోజు స్టెంట్ వేయించుకున్నవాళ్లు వాడే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వెనక ఉన్నది ఆ ఆలోచనే. టాన్సిల్స్ రోగికి సైడ్ ఎఫెక్ట్ అయినది గుండె రోగికి వైద్యం అయింది.

ఇంకో రకం చిక్కు కూడా తరచూ చూస్తుంటాం. బీపీకి ఆమ్లోడిపిన్ వాడే కొందరికి చీలమండలు వాస్తాయి. సన్న నాళాలు వెడల్పయి నీరు బయటికి ఊరడం వల్ల వచ్చే వాపు అది. దాన్ని నీరు పట్టిందనుకుని నీటి మాత్ర మొదలుపెడతారు. ఆ రకం మాత్రల్లో కొన్ని యూరిక్ ఆమ్లాన్ని పెంచి, కీళ్ల నొప్పి తెస్తాయి. దానికి మళ్లీ నొప్పి మాత్ర. కొత్త ఇబ్బంది ఏది వచ్చినా, దానికి ముందు ఏ మాత్ర మొదలైందో డాక్టరుకి చెప్పాలి.

పారాసెటమాల్ కడుపుకీ కిడ్నీకీ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలకంటే చాలా నయం. దాని హద్దు లివర్ దగ్గర ఉంది. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, లివర్ జబ్బు, మద్యం అలవాటు ఉంటే ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లోనూ, చాలా నొప్పి మాత్రల్లోనూ అది ముందే కలిసి ఉంటుంది కాబట్టి, అట్ట వెనక చిన్న అక్షరాలు చదవకపోతే తెలియకుండానే రెండింతలు పడిపోతుంది. కాగితం కవర్లో విడి మాత్రలు తీసుకుంటే చదవడానికి ఆ అక్షరాలు కూడా ఉండవు.

పెద్దమ్మ ఇప్పుడు తన మాత్రలన్నీ అట్టలతో సహా ఒక డబ్బాలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళుతోంది. మోకాలికి జెల్ రాస్తుంది, రక్తంలోకి చేరేది చాలా తక్కువని ఆయనే సూచించారు. కుర్చీలో కూర్చుని కాలు చాపి పట్టే వ్యాయామం రోజూ చేస్తుంది. మరీ తట్టుకోలేని రోజు ఒక పారాసెటమాల్. క్రియాటినిన్ 1.4 దాకా దిగి అక్కడే ఆగింది.