పొటాషియం 2,8,9 ఎందుకు కాదు? ఆ లెక్క వెనక కథ

తొమ్మిదో తరగతిలో పరమాణువు బొమ్మలు గీసిన చాలామందికి ఒకచోట చెయ్యి ఆగే ఉంటుంది. మధ్యలో కేంద్రకం, చుట్టూ వృత్తలేఖినితో గీసిన గుండ్రాలు, వాటి మీద పెన్సిల్ చుక్కలు. సోడియం 2,8,1, అంటే లోపలి కక్ష్య నుంచి బయటికి వరసగా ఉన్న ఎలక్ట్రాన్లు. ఆర్గాన్ 2,8,8. ఇంతవరకు హాయిగా సాగుతుంది. పొటాషియం దగ్గరికొచ్చేసరికి, మూడో కక్ష్యలో 18 దాకా పడతాయని చెప్పిన పుస్తకమే ఎనిమిది దగ్గర ఆపేసి, 19వ ఎలక్ట్రాన్‌ని నాలుగో కక్ష్యలో పెట్టమంటుంది. ఎందుకు సార్ అంటే, చివరి కక్ష్యలో ఎనిమిదికి మించకూడదు, రూల్ అంతే, రాసుకో అంటారు. పిల్లల ప్రశ్న మాత్రం సరైనదే, దాన్ని తేల్చడానికి శాస్త్రవేత్తలకే ఒక పుష్కరం పట్టింది.

ఈ రూల్ 1913లో డెన్మార్క్ శాస్త్రవేత్త నీల్స్ బోర్ పెట్టాడనుకుంటాం. కాదు. ఆ ఏడాది ఆయన రాసిన మూడు వ్యాసాల్లో లెక్క గట్టిగా కుదిరింది హైడ్రోజన్‌కి, అంటే ఒకే ఎలక్ట్రాన్ ఉన్నచోట. మిగతా మూలకాలకి ఆయన వేసిన పట్టికలో సోడియం 8,2,1 అని ఉంటుంది, లోపల ఎనిమిది, ఆ తర్వాత రెండు! నత్రజని 4,3. మనం కంఠస్థం చేసినదానికి తలకిందులు. నాకైతే పిల్లలకి ముందు ఈ పట్టికే చూపించాలనిపిస్తుంది, బోర్ అంతటివాడు కూడా అంచనా వేసి, దిద్దుకుంటూ పోయాడని తెలుస్తుంది.

ఎనిమిది అనే అంకెకి బలం రసాయన శాస్త్రం నుంచి వచ్చింది. 1916లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లూయిస్ ఘనం ఎనిమిది మూలల్లో ఎలక్ట్రాన్లని ఊహించాడు, 1919లో అక్కడి లాంగ్మ్యూర్ దాన్ని బరువైన మూలకాల దాకా లాగాడు, కానీ ఒక పొర, అంటే కక్ష్య, పూర్తిగా నిండాకే తర్వాతిది మొదలవ్వాలన్నాడు. ఇనుము, రాగి లాంటి పరివర్తన మూలకాల దగ్గర అది సరిపోలేదు.

ఇక్కడ రావాల్సిన పేరు చార్లెస్ బరీ. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పుస్తకంలో బోర్ పక్కన కనిపించే బరీ ఈయనే, వేల్స్‌లోని అబెరిస్ట్విత్‌లో రసాయన శాస్త్రవేత్త. 1921లో ఆయన చెప్పింది ఇదీ: పొరల్లో గరిష్ఠంగా 2, 8, 18, 32 పడతాయి, చివరి పొరలో ఎనిమిదికి మించవు, కానీ ఎనిమిది దగ్గర ఆగిన పొర లోపలిదయ్యాక మళ్లీ 18కి పెరగొచ్చు. అప్పటికింకా దొరకని 72వ మూలకం జిర్కోనియంలా ఉంటుందని కూడా అదే వ్యాసంలో రాశాడు. బోర్ కూడా అదే కాలంలో తన దారిలో అక్కడికే వచ్చాడు. 1922 చివర్లో కోపెన్‌హాగెన్‌లో కోస్టర్, హెవెసీ అనే శాస్త్రవేత్తలు జిర్కోనియం ఉండే జిర్కాన్ ఖనిజంలోనే ఆ మూలకాన్ని ఎక్స్-కిరణాలతో పట్టుకున్నారు. అదే హాఫ్నియం. ఆ పేరు బోర్ ఊరు కోపెన్‌హాగెన్ లాటిన్ పేరు హాఫ్నియా నుంచి వచ్చింది, బరీ సంగతి పెద్దగా ఎవరూ ఎత్తరు, నాకది బాధగానే ఉంటుంది.

2, 8, 18 అంకెలే ఎందుకన్నది 1925లో పౌలీ వర్జన నియమంతో, అంటే ఒక పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రాన్లూ ఒకే స్థితిలో ఉండవన్న నియమంతో తేలింది. మరి పొటాషియం? కక్ష్యల లోపల మళ్లీ ఎస్, పి, డి అనే ఉపకక్ష్యలుంటాయి. నాలుగో కక్ష్యలోని ఎస్ ఎలక్ట్రాన్ కేంద్రకం దగ్గరదాకా చొచ్చుకుపోగలదు, అందుకే మూడో కక్ష్యలోని డి స్థానం కంటే దానికి అక్కడే శక్తి తక్కువ. ముందు అక్కడ చేరుతుంది. కాల్షియంలో ఇంకొకటి చేరి 2,8,8,2 అవుతుంది. ఆ తర్వాతి మూలకం, 21వది, స్కాండియం: 2,8,9,2. పొటాషియంలో మనం రాయబోయిన తొమ్మిది ఇక్కడ వస్తుంది.