సంతకం పడని శాంతి: ఉత్తర కొరియా క్షిపణుల వెనుక కథ

"ఉత్తర కొరియా మళ్లీ క్షిపణి ప్రయోగించింది" అనే వార్తకు మనం ఎంత అలవాటు పడిపోయామంటే, టీవీ స్క్రోలింగ్‌లో అది వెళ్తుంటే తలెత్తి కూడా చూడం. చూసినా కిమ్ జోంగ్ ఉన్ ఫోటో పక్కన ‘పిచ్చి నియంత’ అన్న మాట కనిపిస్తుంది. ఆ మాటతోనే నాకు పేచీ. పిచ్చి అనేస్తే ఇక కారణం వెతకాల్సిన పని ఉండదు. తాత, తండ్రి, కొడుకు మూడు తరాలుగా రాజధాని ప్యాంగ్యాంగ్‌లో కూర్చుని ఒకే లెక్క వేసుకుంటూ వచ్చారు. అది క్రూరమైన లెక్క. సొంత ప్రజల కడుపు మాడ్చి వేసుకున్న లెక్క. అయినా దానికి ఒక వరస ఉంది.

ఆ వరస మొదలైంది ఒక గీతతో. 1910 నుంచి కొరియా జపాన్ చేతిలో ఉండేది. 1945 ఆగస్టులో జపాన్ లొంగుబాటు ఖాయమయ్యాక, అక్కడి జపాన్ సేనలను ఎవరు ఎక్కడ స్వాధీనం చేసుకోవాలన్న ప్రశ్న వచ్చింది. వాషింగ్టన్‌లో ఇద్దరు అమెరికా సైనికాధికారులు ఒక రాత్రి మ్యాప్ ముందేసుకుని 38వ అక్షాంశం దగ్గర గీత పెట్టారు. పైభాగం సోవియట్ సేనలకు, కింది భాగం అమెరికాకు. కొరియన్లను ఎవరూ ఒక్క మాట అడగలేదు. తాత్కాలిక ఏర్పాటు అన్నారు. 1948 వచ్చేసరికి అది రెండు దేశాలైపోయింది. భారత్, పాకిస్తాన్‌లను విడదీసిన రాడ్‌క్లిఫ్ గీత ఏం చేసిందో తెలిసిన మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒకే ఇంట్లో అన్న అటు, తమ్ముడు ఇటు అయిపోయారు.

1950 జూన్ 25న ఆ గీత దాటింది ఉత్తర కొరియానే. ఇప్పటి కిమ్‌కు తాత అయిన కిమ్ ఇల్ సుంగ్ సైన్యం మూడు రోజుల్లో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌ను పట్టుకుంది. యుద్ధం మొదలుపెట్టింది అమెరికా, దక్షిణ కొరియాలే అని ఉత్తర కొరియా బడుల్లో పిల్లలకు నేటికీ చెబుతారు. అది పచ్చి అబద్ధం. కానీ తర్వాత వాళ్ల మీద పడింది అబద్ధం కాదు. మూడేళ్లలో అమెరికా విమానాలు కొరియా మీద సుమారు 6,35,000 టన్నుల బాంబులు కుమ్మరించాయి. అందులో 32 వేల టన్నులకు పైగా నాపామ్, అంటే ఒంటికి అంటుకుని కాలే మంట. ప్యాంగ్యాంగ్‌లో నిలబడి ఉన్న భవనాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చనే పరిస్థితి వచ్చింది. జనం నేల తవ్వుకుని ఆ గోతుల్లో బతికారు. ఆ జ్ఞాపకాన్ని పాలకులు ఏళ్ల తరబడి తమ అవసరానికి వాడుకున్నారు నిజమే, కానీ దాన్ని వాళ్లు పుట్టించలేదు.

1953 జూలై 27న పన్‌మున్‌జోమ్‌లో కుదిరింది కాల్పుల విరమణ ఒప్పందం మాత్రమే. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ దాని మీద సంతకమే పెట్టలేదు. మరుసటి ఏడాది జెనీవాలో శాంతి చర్చలు జరిగాయి, తేలలేదు. అంటే కాగితం మీద ఆ యుద్ధం నేటికీ ముగియలేదు. ఈ కథలో మన దేశం పాత్ర చాలామందికి గుర్తు లేదు, గుర్తు చేయాలనిపిస్తుంది. లెఫ్టినెంట్ కర్నల్ రంగరాజ్ నాయకత్వంలో మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ ఆ యుద్ధభూమిలో గాయపడిన వాళ్లకు వైద్యం చేసింది. సొంత దేశానికి తిరిగి వెళ్లం అన్న యుద్ధ ఖైదీలను ఏం చేయాలనే చిక్కుముడి దగ్గర చర్చలు నెలల తరబడి ఆగిపోతే, దాన్ని విప్పడానికి ఏర్పడిన తటస్థ దేశాల కమిషన్‌కు జనరల్ తిమ్మయ్య అధ్యక్షత వహించారు. ఖైదీల కాపలా బాధ్యత జనరల్ థోరట్ నాయకత్వంలోని భారత బలగానిది. ఉత్తరం వద్దు, దక్షిణం వద్దు అన్న కొందరు ఖైదీలు చివరికి మన సైనికుల వెంటే ఓడెక్కి భారతదేశానికి వచ్చేశారు. సొంత ఊరికి ఏ వైపు నుంచీ దారి లేని మనుషులు వాళ్లు.

తర్వాతి ముప్పై ఏళ్లు ఉత్తర కొరియా దగ్గర అణుబాంబు లేదు, కానీ కవ్వింపులకు కొదవ లేదు. 1968 జనవరిలో 31 మంది కమాండోలు దక్షిణ కొరియా అధ్యక్షుణ్ని చంపడానికి సియోల్ దాకా చొరబడ్డారు. రెండు రోజులకే అమెరికా నిఘా నౌక ప్యూబ్లోను పట్టుకుని 82 మంది సిబ్బందిని 11 నెలలు బంధించారు. 1976లో సరిహద్దు దగ్గర ఒక చెట్టు కొమ్మలు కొట్టే విషయంలో గొడవ జరిగి ఇద్దరు అమెరికా అధికారులను గొడ్డళ్లతో నరికారు. 1983లో బర్మాలోని రంగూన్‌లో బాంబు పెట్టి 21 మందిని చంపారు. అందులో దక్షిణ కొరియా మంత్రులూ ఉన్నారు.

వీటన్నిటిలో నన్ను వదలనిది 1987 నవంబరు 29 నాటి సంగతి. బాగ్దాద్ నుంచి అబుదాబి మీదుగా సియోల్ వెళ్తున్న కొరియన్ ఎయిర్ విమానం అండమాన్ సముద్రం మీద పేలిపోయింది. బాంబు పెట్టింది ఉత్తర కొరియా గూఢచారులు. చనిపోయిన 115 మందిలో చాలామంది పశ్చిమాసియాలో కట్టడం పనులు చేసి ఇంటికి తిరిగి వెళ్తున్న కార్మికులు. కరీంనగర్‌లోనో కడపలోనో గల్ఫ్ నుంచి వచ్చే మనిషి కోసం ఎదురుచూసిన ఇంటికి ఆ వార్త ఎలా ఉంటుందో విడమరచి చెప్పక్కర్లేదు.

ఈలోగా మరో పని నిశ్శబ్దంగా సాగింది. 1958 నుంచి 1991 వరకు దక్షిణ కొరియా గడ్డ మీద అమెరికా అణ్వాయుధాలు ఉండేవి. ఉత్తర కొరియా సోవియట్ సాయంతో యోంగ్‌బ్యోన్‌లో పరిశోధన రియాక్టరు పెట్టుకుంది, 1986లో సొంత రియాక్టరు నడిపింది. కరెంటు పేరు చెప్పారు కానీ అలాంటి రియాక్టరులో వాడేసిన ఇంధన కడ్డీల నుంచి అణుబాంబుకు పనికొచ్చే ప్లుటోనియం తీయొచ్చు. సోవియట్ యూనియన్ కూలిపోయింది. రష్యా, చైనా రెండూ దక్షిణ కొరియాతో సంబంధాలు పెట్టుకున్నాయి. చవకగా వచ్చే చమురు ఆగిపోయింది. ఆదుకునే పెద్దన్న లేడని తెలిశాక ప్యాంగ్యాంగ్ ఆ కడ్డీలనే నమ్ముకుంది.

1994 జూన్‌లో నిజంగానే యుద్ధం అంచుదాకా వెళ్లారు. అణు తనిఖీదారులకు ఉత్తర కొరియా చెప్పిన ప్లుటోనియం లెక్క తేలలేదు, అణ్వాయుధాల వ్యాప్తిని ఆపే ఒప్పందం ఎన్‌పీటీ నుంచి బయటికి పోతామని అది బెదిరించింది, అమెరికా యోంగ్‌బ్యోన్ మీద దాడికి ప్లాన్లు వేసింది. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్యాంగ్యాంగ్ వెళ్లి కిమ్ ఇల్ సుంగ్‌తో మాట్లాడి టెన్షన్ దించారు. కొన్ని వారాలకే కిమ్ చనిపోయినా అక్టోబరులో ఒప్పందం కుదిరింది. రియాక్టరు ఆపేయాలి, 8 వేల ఇంధన కడ్డీలు తనిఖీదారుల కళ్లెదుట సీలు వేసి ఉంచాలి. బదులుగా ఏటా 5 లక్షల టన్నుల చమురు, రెండు కొత్త తరహా రియాక్టర్లు ఇవ్వాలి. ఎన్ని లోపాలున్నా ఆ ఒప్పందం ఉన్న ఎనిమిదేళ్లూ యోంగ్‌బ్యోన్‌లో కొత్త ప్లుటోనియం తయారు కాలేదు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో పనిచేసిన ఉపాయం ఇదొక్కటే.

అదే సమయంలో ఆ దేశంలో మనుషులు ఆకలితో చచ్చిపోతున్నారు. రేషన్ మీదే బతికే జనానికి రేషన్ ఆగిపోయింది, 1995లో వరదలు ఊళ్లను ముంచేశాయి. గడ్డి, చెట్ల బెరడు ఉడికించుకు తిన్నారు. జాగ్రత్తగా వేసిన అంచనాల ప్రకారమే 6 లక్షల నుంచి 10 లక్షల మంది పోయారు. ఇంకా ఎక్కువ అన్నవాళ్లూ ఉన్నారు. ప్రభుత్వం దానికి ‘కష్టాల ప్రయాణం’ అని పేరు పెట్టింది, సైన్యానికే మొదటి ముద్ద అన్న విధానం తెచ్చింది. 1998 ఆగస్టు 31న, ఇంకా ఆకలి తీరకముందే, జపాన్ మీదుగా టేపోడాంగ్ రాకెట్ ఎగిరింది. కిమ్ కుటుంబం ఎవరికి భయపడి ఆయుధాలు చేసిందన్న చర్చ ఎంతైనా చేయొచ్చు, కానీ ఆకలికి పిల్లలను పోగొట్టుకున్న తల్లుల ముందు ఏ సంజాయిషీ నిలవదు.

డబ్బు కోసం క్షిపణులను అమ్మడమూ సాగింది. ఆ వ్యాపారం మన గుమ్మం దాకా వచ్చింది. పాకిస్తాన్ 1998 ఏప్రిల్‌లో పరీక్షించిన ఘౌరీ క్షిపణి ఉత్తర కొరియా నోడాంగ్ క్షిపణికి మరో పేరు. 1999లో గుజరాత్‌లోని కాండ్లా రేవులో మన అధికారులు ఒక ఉత్తర కొరియా ఓడను తనిఖీ చేస్తే క్షిపణుల విడిభాగాలు, తయారీ సామగ్రి దొరికాయి. పాకిస్తాన్ నుంచి ఉత్తర కొరియాకు, బాంబుకు పనికొచ్చేలా యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజు యంత్రాల పరిజ్ఞానం వెళ్లింది. పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏక్యూ ఖాన్ 2004లో టీవీలో తప్పు ఒప్పుకున్నాడు.

ఆ యురేనియం దారే 2002లో ఒప్పందాన్ని ముంచింది. ప్యాంగ్యాంగ్ చాటుగా మోసం చేసింది. అమెరికా వైపు కొత్త రియాక్టర్లు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి, ఆ ఏడాది జనవరిలోనే అమెరికా అధ్యక్షుడు బుష్ ఇరాక్, ఇరాన్‌లతో కలిపి ఉత్తర కొరియాను ‘దుష్ట కూటమి’ అన్నాడు. చమురు ఆగింది, తనిఖీదారులను గెంటేశారు, 2003 జనవరిలో ఎన్‌పీటీ నుంచి బయటికొచ్చారు. 8 వేల కడ్డీల సీలు ఊడింది. అదే ఏడాది ఇరాక్‌లో సద్దాం కూలిపోవడం, అణు కార్యక్రమం వదులుకున్న లిబియా గడాఫీ 2011లో హతమవడం కిమ్‌లు కళ్లారా చూశారు. బాంబు ఉంటే బతుకుతాం, లేకపోతే పోతాం అన్నదే వాళ్లు తీసుకున్న పాఠం.

2006 అక్టోబరు 9న పుంగ్యె-రి కొండల కింద తొలి అణుపరీక్ష. పేలుడు ఒక కిలోటన్నుకు, అంటే వెయ్యి టన్నుల టీఎన్‌టీ శక్తికి కూడా చేరలేదు. తర్వాత 2009, 2013, 2016లో రెండుసార్లు. 2017 సెప్టెంబరు 3న ఆరోది 6.3 తీవ్రతతో భూకంపంలా కొండను కదిపింది. మధ్యలో 2010లో దక్షిణ కొరియా నౌక చోనాన్ మునిగి 46 మంది నావికులు పోయారు. అంతర్జాతీయ దర్యాప్తు బృందం ఉత్తర కొరియా టార్పెడోనే కారణమంది. ప్రతి అణుపరీక్ష తర్వాతా భద్రతామండలి ఆంక్షలు వేసింది, 2017 దాకా ప్రతిసారీ ఆంక్షల తర్వాత మళ్లీ పరీక్ష జరిగింది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం తెలిస్తే వార్తలు చదవడం తేలికవుతుంది. ఉత్తర కొరియా తన దూర క్షిపణులను దాదాపు నిట్టనిలువుగా పైకి వదులుతుంది, అవి దగ్గర్లోని సముద్రంలోనే పడతాయి. 2017 నవంబరులో హ్వాసాంగ్-15 సుమారు 4,475 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. అదే శక్తితో ఏటవాలుగా వదిలితే అమెరికాలో ఏ నగరానికైనా చేరగలదని నిపుణులు లెక్కగట్టారు. ఇక ద్రవ ఇంధనం అయితే ప్రయోగానికి ముందు నింపాలి, ఆ హడావుడి ఉపగ్రహాలకు దొరికిపోతుంది. ఘన ఇంధనం ముందే నింపి ఉంటుంది, లారీ మీద బయటికి తెచ్చి నిమిషాల్లో వదలొచ్చు. అందుకే 2023లో ఘన ఇంధనపు హ్వాసాంగ్-18 ఎగిరినప్పుడు సియోల్, టోక్యో అంత కలవరపడ్డాయి.

2018లో సింగపూర్, 2019లో హనోయ్. ట్రంప్, కిమ్ కరచాలనం చేసిన ఫోటోలు చూసి నేనూ ఆశపడ్డాను. హనోయ్‌లో యోంగ్‌బ్యోన్ మూసేస్తాను, ముఖ్యమైన ఆంక్షలు ఎత్తేయండి అని కిమ్ అడిగాడు. అది చాలదన్నాడు ట్రంప్. సిద్ధమైన భోజనం కూడా ముట్టకుండా లేచి వెళ్లిపోయారు. 2022లో క్షిపణులు మునుపెన్నడూ లేనంత ఎక్కువగా ఎగిరాయి. ఆ సెప్టెంబరులో తామే ముందుగా అణుదాడి చేయొచ్చని చట్టం చేసుకున్నారు.

ఆంక్షల మధ్య డబ్బెక్కడిదంటే, కొంత మన జేబుల్లోదే. 2018లో పుణెలోని కాస్మాస్ బ్యాంకు నుంచి హ్యాకర్లు సుమారు 94 కోట్ల రూపాయలు లాగేశారు. ఐక్యరాజ్యసమితి నిపుణులు ఉత్తర కొరియా ఖాతాలో రాసిన దొంగతనాల్లో అదీ ఉంది. 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను కూడా స్తంభింపజేసిన వనాక్రై వైరస్ ప్యాంగ్యాంగ్ పనేనని అమెరికా, బ్రిటన్ ప్రకటించాయి. ఇప్పుడు కొత్తగా రష్యా తోడైంది. ఉక్రెయిన్ యుద్ధానికి ఫిరంగి గుండ్లు, క్షిపణులు, 2024లో వేలాది సైనికులు అటు వెళ్లారు. 2017 దాకా ఆంక్షలకు చెయ్యెత్తిన రష్యాయే, 2024 మార్చిలో వాటి అమలును గమనించే నిపుణుల బృందాన్ని వీటోతో మూయించింది.

దక్షిణంతో ఇక ఏకమయ్యే మాటే లేదని కిమ్ తేల్చేశాడు. తండ్రి కట్టించిన పునరేకీకరణ తోరణాన్ని కూలగొట్టించాడు, 2024 అక్టోబరులో రెండు దేశాలను కలిపే రోడ్లను పేల్చేయించాడు. విడిపోయిన బంధువులను కలుసుకోవాలని దక్షిణ కొరియాలో 1,30,000 మందికి పైగా పేర్లు రాయించుకున్నారు. మూడింట రెండొంతులకు పైగా ఇప్పటికే కన్నుమూశారు. 2000 నుంచి 21 విడతలుగా కొందరికి కొద్ది గంటల కలయిక దక్కింది. ఆఖరిది 2018 ఆగస్టులో, కుమ్‌గాంగ్ కొండ దగ్గర. తొంభై ఏళ్ల తల్లులు డెబ్భై ఏళ్ల కొడుకుల చేతులు బస్సు కిటికీలోంచి పట్టుకుని వదల్లేక వదిలారు. ఆ కలయికల కోసం అక్కడ కట్టిన భవనాన్ని ఉత్తర కొరియా పడగొడుతోందని 2025 ఫిబ్రవరిలో సియోల్ ప్రకటించింది.